డిగ్రీ నోట్స్ ప్రాజెక్టు డైరీ: సబ్జెక్టును బట్టి పేజీ

జూన్, కాలేజీ తెరిచిన వారం

ఈ ఏడాది ఫస్టియర్ పిల్లల కోసం మేం కొందరు లెక్చరర్లం కలిసి నోట్స్ తయారు చేస్తున్నాం. ఆర్థికశాస్త్రం నాది. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, స్టాటిస్టిక్స్ మిగతావాళ్లు చూస్తున్నారు. టైపింగు, బొమ్మల పని ఫైనలియర్ పిల్లలు తీసుకున్నారు. పని ఎక్కడిదాకా వచ్చిందో, ఏది ఎందుకు అలా చేశామో ఎప్పటికప్పుడు రాసి పెడుతున్నాను. ఇంకో కాలేజీలో ఎవరైనా ఇదే పని మొదలుపెడితే వాళ్లకు పనికి రావాలి.

మా పాలమూరు వైపు ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లు. డౌటు వస్తే అడగడానికి ఇంట్లో అంతవరకు చదివిన అక్కో అన్నో ఉండరు. తెలంగాణలో 2016-17 నుంచి డిగ్రీకి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, పండగ సెలవులు పోను పాఠానికి మిగిలే రోజులు తక్కువ. పరీక్ష దగ్గర పడేసరికి టెన్షన్‌తో గైడు కొని జవాబులు బట్టీ పడతారు. క్లాసులో చురుగ్గా ప్రశ్నలడిగే పిల్లలు కూడా పరీక్ష ముందు అదే దారి పడుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

మొదటి మీటింగులో అందరూ అడిగింది ఒక్కటే: "అన్ని సబ్జెక్టులకూ ఒక ఫార్మాట్ పెట్టుకుందామా?" పైన నిర్వచనం, కింద వివరణ, ఆ కింద లాభాలు, నష్టాలు, చివర ముగింపు. గైడ్లన్నీ ఇలాగే ఉంటాయి. నేను వద్దన్నాను. డిమాండ్ రేఖను అర్థం చేసుకునే తీరు వేరు, శాసనాన్ని చదివే తీరు వేరు. పేజీ చూడగానే ఆ సబ్జెక్టులో మనిషి ఎలా ఆలోచిస్తాడో తెలియాలి. కాసేపు వాదన జరిగింది. చివరికి ఒక్కో సబ్జెక్టులో ఒక్కో యూనిట్ నమూనాగా చేసి చూద్దామని ఒప్పుకున్నారు.

భాష గురించి పెద్దగా చర్చ జరగలేదు. వివరణ తెలుగులో, పారిభాషిక పదం పక్కనే ఇంగ్లిష్ పేరు. ఏ మీడియంలో పరీక్ష రాసేవాళ్లకైనా పనికొస్తుంది.

జూన్ చివర

ఈ రెండు వారాలూ ఫాంట్ల పనితోనే సరిపోయింది. సీనియర్ లెక్చరర్ల దగ్గర ఏళ్ల తరబడి పోగైన మంచి తెలుగు నోట్స్ ఉన్నాయి. అవన్నీ పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి, ఫోన్లో అయితే అసలు చదవలేం. కన్వర్టర్ వాడి యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాం. వత్తులు, గుణింతాలు కొన్ని తారుమారవుతాయి కాబట్టి ప్రతి పేజీనీ కన్నుతో సరిచూడాల్సిందే. ఫైనలియర్ పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు పాత ప్రింటు చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద దిద్దుతున్నారు. చాలా ఓపిక కావాలి, వాళ్లకు ఉంది.

లిబ్రాఫీస్ రైటర్ వాడుతున్నాం, ఉచితం కాబట్టి. బాడీకి మండలి ఫాంట్, టేబుళ్లకు నోటో సాన్స్ తెలుగు. పేజీ సైజు ఏ5. ఏ4 పీడీఎఫ్‌ను ఫోన్లో చదవాలంటే ప్రతి లైనుకీ పక్కకు జరుపుకోవాలి. ఏ5 అయితే ఫోన్లో నేరుగా చదవొచ్చు, జిరాక్స్ తీస్తే ఏ4 కాగితం మీద పక్కపక్కన రెండు పేజీలు పడతాయి, ఖర్చు సగమవుతుంది.

జూలై: ఆర్థికశాస్త్రం

డిమాండ్ యూనిట్‌తో మొదలుపెట్టాను. ఇంటర్‌లో మ్యాథ్స్ చదివి వచ్చిన పిల్లలను ఇక్కడ ఒక విషయం తికమక పెడుతుంది. మ్యాథ్స్‌లో కారణమయ్యే చలరాశిని అడ్డం అక్షం మీద, ఫలితాన్ని నిలువు అక్షం మీద పెడతారు. ఆర్థికశాస్త్రంలో ధర మారితే కొనే పరిమాణం మారుతుంది అంటాం, కానీ ధరను మాత్రం నిలువు అక్షం మీద పెడతాం. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో అచ్చయిన తన గ్రంథంలో అలా గీశాడు, ఆ అలవాటే ఇప్పటికీ నడుస్తోంది. ఈ ఒక్క మాట యూనిట్ మొదటి పేజీలోనే రాశాను. గైడ్లలో ఇది ఉండదు. ఇది తెలియని పిల్లవాడు తనకే అర్థం కావడం లేదనుకుని గ్రాఫు వదిలేస్తాడు.

రెండోది వ్యాకోచత్వం (ఎలాస్టిసిటీ), అంటే ధర మారినప్పుడు కొనే పరిమాణం ఎంతగా మారుతుందో చెప్పే కొలత. సూత్రం రాసి వదిలేస్తే లాభం లేదు. ఒక హాస్టల్ మెస్ తీసుకున్నాను. టమాటా కిలో 20 రూపాయలున్నప్పుడు వారానికి 10 కిలోలు కొంటారు, 30 అయితే 8 కిలోలు. 20 నుంచి 30కి వెళ్తే ధర పెరుగుదల 50 శాతం, పరిమాణం తగ్గుదల 20 శాతం, వ్యాకోచత్వం 0.4. అదే 30 నుంచి 20కి వస్తే ధర తగ్గుదల 33.3 శాతం, పరిమాణం పెరుగుదల 25 శాతం, వ్యాకోచత్వం 0.75. మెస్ అదే, టమాటా అదే, రేఖ మీద ముక్క కూడా అదే, జవాబులు మాత్రం రెండు. ఇక్కడ ఆపి "ఎందుకిలా వచ్చింది?" అని నాలుగు లైన్ల ఖాళీ వదిలాను. మధ్యబిందు పద్ధతి పేజీ తిప్పాక వస్తుంది: పరిమాణంలో తేడా 2, సగటు 9, ధరలో తేడా 10, సగటు 25. అంటే 22.2 శాతాన్ని 40 శాతంతో భాగిస్తే సుమారు 0.56. ఎటు నుంచి లెక్కేసినా ఇదే. ఆ సూత్రం ఎందుకు పుట్టిందో తెలిశాక బట్టీ పట్టే పని ఉండదు.

డిమాండ్‌లో మార్పు, డిమాండ్ పరిమాణంలో మార్పు, ఈ రెంటి తేడాకు బొమ్మలు వేశాం. పాత రేఖ ఆకుపచ్చ, కొత్త రేఖ ఎరుపు. స్క్రీన్ మీద చక్కగా ఉన్నాయి. జిరాక్స్ తీసి క్లాసులో పంచగానే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, రెండు గీతలూ ఒక్కతీరే కనపడుతున్నయ్, ఏది కొత్తది?" అంది. నలుపు తెలుపు జిరాక్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగుకు వస్తాయి. మా పిల్లలు చదివేది జిరాక్స్ మీదే. ఆ రోజు నుంచి అన్ని సబ్జెక్టులకూ ఒక నియమం పెట్టాం: రంగుతో ఏ తేడా చూపించకూడదు. పాతది నిండు గీత, కొత్తది తునకల గీత, మూడోది కావాలంటే చుక్కల గీత, ప్రతి గీత చివరా పేరు. బొమ్మలన్నీ ఇంక్‌స్కేప్‌లో తిరిగి గీస్తున్నారు.

జూలై చివర: వృక్షశాస్త్రం

బోటనీ సార్ ఇచ్చిన పేజీ చూసి నాకు చాలా సంతోషమేసింది. ఆయన పుస్తకంలోని బొమ్మను వాడలేదు. జొన్న ఆకు అడ్డుకోతతో మొదలుపెట్టారు, ఎందుకంటే కాలేజీ దాటి కాస్త దూరం పోతే జొన్న చేనే. ఆకు ముక్కను బంగాళదుంప ముక్కల మధ్య పెట్టి బ్లేడుతో పల్చగా కోయడం, వాచ్ గ్లాసులో నీళ్లలో వేసి అన్నిటికన్నా పల్చనిది ఏరుకోవడం, సఫ్రనిన్‌తో రంగు ఎక్కించడం, బుడగ రాకుండా కవర్ స్లిప్ పెట్టడం, అన్నీ క్రమంగా రాశారు. తర్వాతి పేజీలో ఒక పెద్ద ఖాళీ చతురస్రం. పిల్లలు మైక్రోస్కోప్‌లో చూసింది అక్కడ గీయాలి. అచ్చు బొమ్మ అయిదు పేజీల తర్వాత గానీ రాదు. ముందే పెడితే చూసింది గీయడం మాని అచ్చులో ఉన్నదే దింపుతారని ఆయన మాట. నిజమే.

గీశాక అడిగే ప్రశ్నలు ఇంకా బాగున్నాయి. నాళికాపుంజం (ఆకులో నీరు, ఆహారం పారే నాళాల కట్ట) చుట్టూ పెద్ద కణాలు వలయంగా ఉన్నాయా, వాటిలో పచ్చదనం ఉందా? వరి ఆకు కోసి చూస్తే ఆ వలయం అంత స్పష్టంగా, అంత పచ్చగా ఉందా? దాన్నిబట్టి సీ3, సీ4 మొక్కల తేడాలోకి తీసుకెళ్తారు. ఎండ ముదిరే కొద్దీ రుబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది, మొక్కకు అది నష్టం. జొన్న, మొక్కజొన్న, చెరకు లాంటి సీ4 మొక్కలు ముందు వలయం బయటి పత్రాంతర కణాల్లో కార్బన్‌ను నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టి, వలయంలోని కణాలకు పంపి, అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. హాచ్, స్లాక్ 1966లో చెరకు మీద చేసిన పనితో ఈ దారి స్పష్టమైంది. ఈ పేరు, సంవత్సరం పరీక్షకు కావాలి. కానీ పిల్లవాడు తన బ్లేడుతో కోసిన ఆకులో ఆ వలయం చూశాక చదివితే అది వేరే చదువు.

ఇంకో ప్రశ్న: నడి ఎండలో నీళ్లు చాలని జొన్న ఆకు ఎందుకు చుట్టుకుపోతుంది? చేలో పని చేసిన ప్రతి పిల్లా ఇది చూసిందే. జవాబు ఆకు పై పొరలోని పెద్ద బుల్లిఫామ్ కణాల్లో ఉంది. నీరు కోల్పోయి అవి కుంగితే ఆకు ముడుచుకుంటుంది, ఆవిరయ్యే నీరు తగ్గుతుంది.

ఆగస్టు: రసాయనశాస్త్రం

ఇక్కడ పేజీ అంతా బాణాలే. ఆర్గానిక్ కెమిస్ట్రీలో వంపు బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే సగం సబ్జెక్టు వచ్చినట్టే. ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలవుతుంది, కావలసినచోట ముగుస్తుంది. మా మేడమ్ మిథైల్ బ్రోమైడ్ మీద హైడ్రాక్సైడ్ చర్యను తీసుకుని, అణువులు మాత్రం గీసి బాణాలు తీసేశారు. పిల్లలే గీయాలి. ఆక్సిజన్ మీది ఎలక్ట్రాన్ జంట నుంచి కార్బన్‌కు ఒకటి, కార్బన్-బ్రోమిన్ బంధం నుంచి బ్రోమిన్‌కు ఇంకొకటి. గాలికి గొడుగు తిరగబడ్డట్టు కార్బన్ మీది మిగతా మూడు బంధాలూ అటువైపు తిరుగుతాయి. పాల్ వాల్డెన్ 1896లో గమనించిన విలోమం ఇదే. తృతీయ బ్యూటైల్ బ్రోమైడ్‌కు వచ్చేసరికి ఇదే దారి ఎందుకు కుదరదో అడుగుతుంది తర్వాతి పేజీ. చుట్టూ మూడు మిథైల్ గ్రూపులు అడ్డం నిలబడి ఉన్నాయి, ముందు బ్రోమిన్ వెళ్లిపోతే గానీ చోటు లేదు. రెండూ ఒకేసారి జరిగే మొదటి దారి ఎస్‌ఎన్‌2, బ్రోమిన్ ముందే వెళ్లిపోయే ఈ దారి ఎస్‌ఎన్‌1. ఎస్‌ఎన్‌1, ఎస్‌ఎన్‌2 తేడాల టేబుల్‌ను చివర ఖాళీగా పెట్టి పిల్లల చేతే నింపిస్తున్నారు.

ప్రాక్టికల్ నోట్స్‌లో ఫాస్ఫరస్ అంచనా కూడా చేర్చమని నేనే అడిగాను. ఆ పద్ధతి పేరు ఫిస్కె-సుబ్బారావ్ పద్ధతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కెతో కలిసి హార్వర్డ్‌లో ఉండగా 1925లో ప్రచురించింది. ఫాస్ఫేట్ ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేట్‌తో కలిసి, క్షయకరణం జరిగాక నీలం రంగునిస్తుంది; రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. పరీక్షనాళికలో ఆ నీలం తేలినప్పుడు ఈ మనిషి పేరు తలవాలనిపించింది నాకు. పేజీలో స్టాండర్డ్ గ్రాఫుకు గళ్లు మాత్రమే ఉన్నాయి, బిందువులు పిల్లలు పెట్టుకోవాలి.

సెప్టెంబర్: చరిత్ర

అన్నిటికన్నా కష్టం ఇదే అయింది. చరిత్ర నోట్స్ అంటే రాజుల వరుస, సంవత్సరాలు, "పాలనా సంస్కరణలు", "సాంస్కృతిక సేవ" అని అందరికీ అలవాటు. సార్ కాకతీయుల యూనిట్ రాసిచ్చారు, చాలా శ్రద్ధగా రాశారు. చదివాక నేను ఒక్కటే అడిగాను: "సార్, ఇందులో ప్రతి వాక్యం మనకెలా తెలిసింది?" ఆయన కాసేపు ఆలోచించి, "అదే రాయాలమ్మా అసలు" అన్నారు. పేజీని నిలువుగా రెండు చేశారు. ఎడమ వైపు విషయం, కుడి వైపు ఆధారం.

రుద్రమదేవి పేజీ ఈ పద్ధతికి మంచి ఉదాహరణగా నిలిచింది. పాత పుస్తకాలు ఆమె పాలన 1290ల మధ్య దాకా సాగిందని రాశాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె మరణాన్ని ప్రస్తావిస్తోంది. పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, ఆమెకూ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దానం చేసి వేయించిన శాసనం అది. ఆ ఒక్క రాయితో తేదీ మారింది. రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి, "పరీక్షలో ఏది రాస్తావు, ఎందుకు?" అని అడుగుతుంది పేజీ. పిల్లలకు ఇది బాగా పట్టింది. చరిత్ర పుస్తకంలోని తేదీ కూడా కొత్త ఆధారం దొరికితే మారుతుందన్న సంగతి వాళ్లకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మోటుపల్లి అభయ శాసనం ఇంకొకటి. గణపతిదేవుడు 1244-45లో వేయించాడు, మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు పట్టుకునేవారని, ఇక మీదట పన్ను తప్ప మిగతాదంతా వర్తకులకే వదిలేస్తామని అందులో ఉంది. గైడ్లు దీన్ని "విదేశీ వ్యాపారాన్ని ప్రోత్సహించాడు" అని ఒక్క లైన్లో తేల్చేస్తాయి. మా పేజీలో శాసనంలోని సంగతి సులువైన తెలుగులో ఇచ్చి, మూడు ప్రశ్నలు పెట్టాం: ఈ హామీ ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది? ఇచ్చాక లాభం ఎవరికి? శాసనం వేయించిన రాజు మాటను మాత్రమే వింటున్నామా, వర్తకుడి మాట ఎక్కడైనా ఉందా? మూడో ప్రశ్న సార్‌దే. నాకు అన్నిట్లోకీ అదే నచ్చింది.

సెప్టెంబర్ చివర: స్టాటిస్టిక్స్

చిన్న యూనిట్, త్వరగా అయిపోయింది. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో కొలిచే విస్తృతి (వేరియన్స్) గురించి. ప్రతి లెక్కా చేత్తో చేసేలా చిన్న అంకెలు: 4, 6, 8, 10, 12. సగటు 8. తేడాలు -4, -2, 0, 2, 4, మొత్తం సున్నా. వర్గాల మొత్తం 40. అయిదుతో భాగిస్తే 8, నాలుగుతో భాగిస్తే 10. నాలుగుతో ఎందుకు? తేడాలు నాలుగు తెలిస్తే అయిదోది దానంతట అదే తేలుతుంది, ఎందుకంటే అన్నీ కలిపి సున్నా కావాలి. పైగా శాంపుల్ సగటు చుట్టూ తీసిన వర్గాల మొత్తం వీలైనంత తక్కువగా ఉంటుంది, అసలు జనాభా సగటు చుట్టూ తీస్తే అంతకన్నా ఎక్కువే వస్తుంది. అందుకే కాస్త చిన్న అంకెతో భాగిస్తాం. కాలిక్యులేటర్ మీద రెండు వేర్వేరు మీటలు ఎందుకున్నాయో ఇక్కడ తెలుస్తుంది.

పేజీ అడుగున సి.ఆర్. రావు గురించి నాలుగు లైన్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, 1945లో రాసిన పత్రంతో ప్రపంచానికి తెలిసిన మనిషి. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అక్టోబర్: పిల్లల చేతుల్లో

నమూనా యూనిట్లన్నీ పంచాం. వచ్చిన మొదటి ఫిర్యాదు ఖాళీల గురించే. "జవాబులు కూడా అచ్చేసి ఇస్తే టైమ్ కలిసొస్తది కదా మేడమ్" అని చాలామంది అడిగారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. సాయంత్రం పని చేసుకుని చదివేవాళ్లున్నారు. అయినా ఖాళీలు తీసే ఉద్దేశం లేదు, దానికి కారణం క్లాసులో విడమరిచి చెప్పాను.

అమెరికాలో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష హాలు గేటు బయట ఆఖరి నిమిషం వరకూ పుస్తకం తిరగేసేవాళ్లకు అంతా వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుందో, నెల తిరిగేసరికి ఎందుకు మిగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ సంగతి విన్నాక పిల్లలు ఖాళీల గురించి అడగడం తగ్గించారు. జవాబుల పేజీలు యూనిట్ చివర విడిగా ఉన్నాయి, ముందు రాసి తర్వాత సరిచూసుకోవాలి.

ఒక మార్పు మాత్రం పిల్లలు చెప్పిందే చేశాం. ప్రతి పేజీ ఎడమ అంచున సన్నటి పట్టీ వదిలి, అందులో ఆ పేజీకి సంబంధించిన ప్రశ్నలు పెట్టాం. కుడివైపు కాగితంతో మూసి, ప్రశ్న చూసి జవాబు చెప్పుకోవచ్చు. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ నేర్పిన నోట్స్ పద్ధతిలో ఇలాంటి పట్టీయే ఉంటుంది. బస్సులో ఊరికి వెళ్తూ చదువుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తోందట. చరిత్ర పేజీకి ఈ పట్టీ పెట్టలేదు, అక్కడ ఆధారాల వరుసే ఆ పని చేస్తోంది.

నవంబర్

కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు అన్న దగ్గర ఫైళ్లు పెట్టాం. రెండు వైపులా తీసి స్టేపుల్ చేసి ఇస్తాడు, స్పైరల్ కావాలంటే విడిగా. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టాం: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు చెప్పాలి, మార్చినదాన్ని కూడా అందరికీ ఇలాగే ఇవ్వాలి. పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలూ ఇస్తున్నాం. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి, దిద్దుకోవాలంటే అసలు ఫైలు ఉండాలి.

ఇప్పటికి ఆర్థికశాస్త్రం, వృక్షశాస్త్రం, స్టాటిస్టిక్స్‌లో మొదటి సెమిస్టర్ పూర్తయింది. రసాయనశాస్త్రంలో భౌతిక రసాయనం భాగం మిగిలింది. చరిత్రలో శాతవాహనుల యూనిట్ సార్ మొదటి నుంచి మళ్లీ రాస్తున్నారు. నాసిక్‌లోని గౌతమి బాలశ్రీ శాసనం, నానేఘాట్ శాసనం ముందు పెట్టి, రాజుల వరుస తర్వాత వచ్చేలా.

రెండో సెమిస్టర్‌కు జాగ్రఫీ లెక్చరర్ కూడా మాతో కలుస్తున్నారు. మ్యాపులన్నీ ఆయన దగ్గర రంగుల్లో ఉన్నాయి. కృష్ణా, తుంగభద్ర, భీమా నదుల మ్యాపును ముందు గీతలు, చుక్కలతో ఒక పేజీ గీయించి జిరాక్స్ తీసి చూడాలి, మిగతా మ్యాపుల సంగతి ఆ తర్వాత.